అడాజన్ వేసవి, లింబాయత్ వేసవి

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ ఎన్నిక పోలింగ్ లేకుండానే ముగిసిపోయింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. మిగిలినవారు ఒకరి వెంట ఒకరు పోటీ నుంచి తప్పుకున్నారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముఖేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ఓటు లేని ఎన్నిక గురించి రాయాలని మే రెండో వారంలో ఆ నగరానికి వెళ్లాను. తాపీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న అడాజన్‌లో దూరపు బంధువుల ఇంట్లో దిగాను. ఆ ఇంటి యజమాని హజీరా పరిశ్రమల్లో ఒకదానిలో ఇంజినీరు. ఆ ప్రాంతంలోని మధ్యతరగతి తెలుగు కుటుంబాలలో చాలావాటికి హజీరాతోనో, కార్పొరేట్ ఆసుపత్రులతోనో, బ్యాంకులతోనో ముడి ఉంటుంది.

ఎన్నికల రోజుల్లో గోడల మీద అభ్యర్థుల బొమ్మలు ఉండటం ఆనవాయితీ. అడాజన్ గోడల మీద నాకు కనిపించినవి వేసవి శిబిరాల ప్రకటనలు. రోబోటిక్స్, డ్రోన్ తయారీ, కోడింగ్, ఖగోళ పరిశీలన, ఎనిమిదేళ్ల పిల్లలకు కృత్రిమ మేధ. పొద్దున వార్తాపత్రిక విప్పితే అందులోంచి జారిపడేవీ అవే. లిఫ్టు లోపలా అవే. మా బంధువుల అబ్బాయి ఏడో తరగతి పూర్తిచేశాడు. పది రోజుల రోబో శిబిరానికి వెళ్తున్నాడు. దానికి కట్టిన రుసుము, నేను తరువాత నగరం మరో కొసన విన్న ఒక నెల ఇంటి అద్దెకన్నా ఎక్కువ. ఆ కుర్రవాడు గీత వెంట నడిచే చిన్న బండిని చేసి నాకు చూపించాడు. సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషాన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. మా అబ్బాయికి కొన్న అలాంటి పెట్టె ఒకటి మా ఇంట్లో అటక మీద దుమ్ముపట్టి ఉంది.

ఓటు లేని సూరత్ గురించి రాయవలసింది రెండు రోజుల్లో అయిపోయింది. మూడోనాడు లింబాయత్ వెళ్లాను. అక్కడ పోలింగ్ జరిగింది. లింబాయత్, ఉధనా అసెంబ్లీ స్థానాలు నగరంలోనే ఉన్నా లోక్‌సభకు వచ్చేసరికి నవ్‌సారీ కిందికి వెళతాయి. మే 7న వాళ్లు క్యూలో నిలబడి ఓటు వేశారు. అడాజన్‌కు ఓటు లేదు, వేసవి ఉంది. లింబాయత్‌కు ఓటు ఉంది. వేసవి మాత్రం ఉందని చెప్పలేను.

సూరత్ తెలుగువాళ్ల గురించి తెలుగు రాష్ట్రాల్లో తెలిసింది తక్కువ. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు దశాబ్దాలుగా ఈ నగరానికి వలస వచ్చారు. చేతిమగ్గం అన్నం పెట్టనప్పుడు మరమగ్గం వెంట నడిచారు. సిరిసిల్లలో వాటిని సాంచాలు అంటారు, సూరత్ తెలుగు వాడల్లోనూ ఆ మాట బతికే ఉంది. వీరి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ కలిపి ఏడు మాధ్యమాల్లో బడులు నడిపే పురపాలక సంస్థ దేశంలో అరుదు. మన రాష్ట్రాల ప్రభుత్వాలు తమ బడుల్లోంచే తెలుగు మాధ్యమాన్ని ఒక్కొక్క మెట్టుగా దింపేస్తున్న కాలంలో ఈ మాట గుజరాత్ అధికారుల గౌరవార్థం చెప్పితీరాలి.

లింబాయత్‌లో నన్ను టీ దుకాణం నుంచి ఇంటికి తీసుకెళ్లిన మగ్గం కార్మికుడిది జగిత్యాల ప్రాంతం. పన్నెండు గంటల రాత్రి పాళీ చేసి వచ్చారు. ఆయన కూతురు తెలుగు మాధ్యమంలో ఎనిమిదో తరగతి ముగించింది. నేను వెళ్లేసరికి తల్లితో కలిసి చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. చీరకు ఇంత అని లెక్క. "సెలవులల్ల ఏం జేస్తది సార్, ఇంట్ల ఖాళీగుండి? ఊరికి పోదామంటె నవజీవన్‌ల టికెట్ దొర్కలే," అన్నారాయన. ఆ పిల్ల తల ఎత్తకుండానే మా మాటలు వింటోంది. నేను విలేకరినని, చదువుల గురించి రాస్తానని తెలిశాక ఒక ప్రశ్న అడిగింది. చలికాలంలో కండెల మీది దారం చేతికి అతుక్కుంటుంది, వెంట్రుకలు లేస్తాయి, వానాకాలంలో అలా ఎందుకు కాదు?

రాజనీతిశాస్త్రం చదివి పాత్రికేయంలోకి వచ్చినవాణ్ని. ఆ రాత్రి అడాజన్ తిరిగి వెళ్లి మా బంధువును అడిగి తెలుసుకున్నాను. పాలిస్టర్ పోగు రాపిడికి విద్యుదావేశాన్ని పట్టుకుంటుంది. గాలిలో తేమ ఉంటే ఆ ఆవేశం జారిపోతుంది, పొడిగాలిలో నిలిచిపోతుంది. అందుకే పెద్ద మిల్లులు తేమను కొలిచి అదుపులో పెడతాయి. ఆ పిల్ల ఏ శిబిరానికీ వెళ్లకుండా, ఏ పెట్టె కొనకుండా ఒక పరిశ్రమకు డబ్బు నష్టపెట్టే అసలైన సమస్యను పట్టుకుంది. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి పిల్లలను సరిగ్గా ఇటువంటిదే అడుగుతోంది: మీ వీధిలోని సమస్యను తీసుకోండి, కొలవండి, మీ భాషలోనే చెప్పండి. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు ఎవరైనా పాల్గొనవచ్చు. దాని ముప్ఫయ్యో జాతీయ సమావేశం 2023 జనవరిలో అహ్మదాబాద్ సైన్స్ సిటీలోనే జరిగింది, సూరత్‌కు ఒక్క పూట ప్రయాణదూరంలో. ఆ పేరు తాను వినలేదని ఆ పిల్ల చెప్పింది. తండ్రి కూడా వినలేదు.

అవకాశాలు లేవన్నది నా ఫిర్యాదు కాదు. కాగితం మీద చూస్తే ఈ దేశం విద్యార్థికి ఇస్తానన్నది కొంచెం కాదు. ఇన్‌స్పైర్-మానక్ కింద ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లల ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు నేరుగా ఖాతాలో వేస్తారు, ఇటీవల దాన్ని పన్నెండో తరగతి దాకా పొడిగించారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు పదివేల బడుల్లో వెలిశాయి, ఒక్కో బడికి 20 లక్షల గ్రాంటు. మరో అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50,000 అన్నది 2025 కేంద్ర బడ్జెట్ మాట. 2015 జులై 9న అబ్దుల్ కలాం చేతుల మీదుగా మొదలైన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ ప్రకారం ఐఐటీలు, ఎన్ఐటీల వంటి ఉన్నత విద్యాసంస్థలు చుట్టుపక్కల బడులకు మార్గదర్శులుగా ఉండాలి. ఇక వేసవికి ప్రత్యేకంగా ఇస్రో వారి యువిక ఉంది. 2019 మేలో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలను ఎంపిక చేసి దాదాపు రెండు వారాలు తన కేంద్రాల్లో ఉంచుకుంటుంది. రైలు ఖర్చు, తిండి, వసతి అన్నీ ఇస్రోవే. ఆ కేంద్రాల్లో అహ్మదాబాద్ ఒకటి, శ్రీహరికోట ఒకటి, హైదరాబాద్ ఒకటి. లింబాయత్ పిల్ల దృష్టితో చూస్తే మూడూ మనవాళ్లున్న చోట్లే.

ఈ జాబితా చదువుతుంటే ఒక సంగతి తోస్తుంది. మంచి అవకాశాలన్నీ ఉచితమైనవి. డబ్బు తీసుకునేవి రెండో రకం. ప్రపంచంలోనూ అంతే. మన ప్రవాస కుటుంబాలు అమెరికాలో పిల్లల వేసవి కోర్సులకు వేల డాలర్లు కడుతుంటాయి, కానీ 1984 నుంచి నడుస్తున్న రిసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఎంపికైన హైస్కూలు పిల్లల నుంచి రుసుము తీసుకోదు. అడ్డు నిలిచేది రుసుము కాదన్నమాట, ఎంపిక. ఆ ఎంపిక రాజకీయ వ్యవహారం. ఎవరికి ఎన్ని మార్కులు వేయాలో ఒక కార్యాలయంలో కూర్చుని కొందరు నిర్ణయిస్తారు.

యువిక ఎంపిక కొలతలనే తీసుకుందాం. ఇటీవలి ఇస్రో ప్రకటనల ప్రకారం ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం వెయిటేజీ, ఆన్‌లైన్ క్విజ్‌కు 10, గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదువుతుంటే 15. మిగిలినది గత మూడేళ్ల విజ్ఞాన ప్రదర్శనలకు, ఒలింపియాడ్లకు, ఆటలకు, స్కౌట్స్-ఎన్‌సీసీ వంటివాటికి. పల్లె బడికిచ్చిన ఆ 15 శాతం మంచి నిర్ణయం, అందులో ఒక్క శాతం తగ్గించమన్నా ఒప్పుకోకూడదు. అయితే దాని నీడ ఎక్కడ పడుతోందో చూడండి. ఆ మగ్గం కార్మికుడు జగిత్యాల పల్లెలోనే ఉండిపోయి ఉంటే కూతురికి 15 మార్కులు చేతిలో ఉండేవి. బతుకు కోసం ఆయన నవజీవన్ ఎక్కగానే ఆ మార్కులు రైలుపెట్టెలోనే పోయాయి. ఇప్పుడు లెక్క ప్రకారం ఆ పిల్ల నగర విద్యార్థి. అంటే అడాజన్ అబ్బాయీ ఆమే ఒకే గీత మీద నిలబడ్డారు. ప్రదర్శన ధ్రువపత్రాలు అతని బడి ఏటా ఇస్తుంది, ఒలింపియాడ్ దరఖాస్తు అతని బడే పెడుతుంది. ఆమె సామర్థ్యాన్ని ఎవరూ తక్కువ చేయలేదు. పట్టికలో ఆమెకు గడి లేదంతే.

నగరం-పల్లె అన్న విభజన తప్ప మరో పేదరికం మన పథకాల రూపకర్తలకు తోచదు. వలస అన్న మాట రేషన్ కార్డు దగ్గర, ఓటరు జాబితా దగ్గర ఎలా జారిపోతుందో ఇక్కడా అలాగే జారిపోతుంది. అటల్ ప్రయోగశాల సంగతీ చూడండి: దరఖాస్తు చేసే బడికి 1,500 చదరపు అడుగుల కట్టిన స్థలం ఉండాలన్నారు. రెండు పాళీల్లో నడిచే ఇరుకు వాడల బడి అంత స్థలం ఎక్కడి నుంచి తెస్తుంది? ఒకప్పుడు ఉన్న రెండు నిచ్చెనలనూ ఈలోగా తీసేశారు. 1963 నుంచి ఉన్న జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021లో ఆగిపోయింది. 1999 నాటి కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. వాటిలోనూ లోపాలున్నాయి, ముఖ్యంగా రెండోదానిలో ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలకే పరిమితం. అయినా పరీక్ష పెట్టి పైకి తీసుకొనే ఒక దారి ఉండేది. మూసినప్పుడు పార్లమెంటులో పెద్ద చర్చ జరిగిన గుర్తు నాకు లేదు, మా వృత్తిలోనూ పెద్దగా ఎవరమూ రాయలేదు.

పిల్లల సెలవుల గురించి మన ప్రభుత్వ పత్రాలు రెండు చోట్ల మాట్లాడాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు సెలవు రోజుల్లో సైతం వృత్తి శిక్షణ అవకాశాలు కల్పించవచ్చని అంటుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, ప్రమాదకరం కాని కుటుంబ పనిలో పిల్లలు బడి వేళల తరువాత, సెలవుల్లో సాయం చేయవచ్చని మినహాయింపు ఇస్తుంది. ఒకే దేశం, ఒకే మే నెల. అడాజన్ పిల్లవాడికి విద్యావిధానంలోని సెలవు దక్కింది, లింబాయత్ పిల్లకు కార్మిక చట్టంలోని సెలవు దక్కింది. ఆ తల్లిదండ్రులు చట్టాన్ని ఉల్లంఘించలేదు. చట్టమే వాళ్లకు ఆ దారి చూపించింది.

ప్రభుత్వం వదిలేసిన వేసవిని ఎవరు ఆక్రమిస్తారో సూరత్‌కు తెలిసినంతగా ఇంకే నగరానికీ తెలియదు. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్‌లో మంటలు లేచాయి. పై అంతస్తులో శిక్షణ తరగతిలో ఉన్న పిల్లలు కిందికి దారి లేక కిటికీల్లోంచి దూకారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. ఇస్రో తొలి యువిక పిల్లలు శిక్షణ పొందిన నెల కూడా అదే. ఆ తరువాత తనిఖీలు జరిగాయి, తరగతులకు తాళాలు వేశారు, అగ్నిమాపక అనుమతి పత్రాల గురించి హెచ్చరికలు వెలువడ్డాయి. అవన్నీ కావలసినవే. కానీ సెలవుల్లో అంతమంది పిల్లలు ఒక వాణిజ్య భవనం పైకప్పు కిందికి ఎందుకు ఎక్కవలసి వచ్చింది, నగరంలో వాళ్లు వెళ్లదగిన ప్రభుత్వ స్థలం ఏది అన్న ప్రశ్న ఏ విచారణలోనూ ప్రధానం కాలేదు.

స్థలాలు లేకనా? నగరపాలక సంస్థదే సైన్స్ సెంటర్ సిటీలైట్ ప్రాంతంలో 2009 నుంచి ఉంది, ప్లానిటేరియంతో సహా. ఇచ్ఛానాథ్ దగ్గర సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. 1961లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా పుట్టింది. తరాల తరబడి తెలుగు విద్యార్థులు అక్కడ చదివారు. అడాజన్‌కూ లింబాయత్‌కూ మధ్యలో ఉన్నాయి ఈ రెండూ. మే నెలలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఇళ్లకు వెళ్లాక ఆ వర్క్‌షాపుల్లో రెండు వారాలు ఎనిమిదో తరగతి పిల్లలను కూర్చోబెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ దాదాపు అక్కర్లేదు. రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ ఆ పనికే పుట్టింది. జిల్లా కలెక్టర్, నగర కమిషనర్, సంస్థ సంచాలకుడు ఒక బల్ల ముందు కూర్చుంటే చాలు.

ఇది గుజరాత్‌కు కొత్త ఆలోచన కూడా కాదు. విక్రమ్ సారాభాయ్ 1960లలోనే అహ్మదాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ సెంటర్ తలపెట్టారు. ఏ బడి పిల్లవాడైనా వచ్చి చేతులతో ప్రయోగం చేసుకోవాలన్నది ఆయన కోరిక. దాని శంకుస్థాపనకు 1968 డిసెంబరు 22న సి.వి. రామన్ వచ్చారు. నోబెల్ గ్రహీత, ఎనభై నిండిన పెద్దాయన, రిబ్బన్లు కత్తిరించే ఉపన్యాసం ఇవ్వలేదు. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది అని పిల్లలు అడిగే ప్రశ్నను తీసుకుని మాట్లాడారు. కండె దారం చేతికెందుకు అతుక్కుంటుంది అన్నది ఆ జాతి ప్రశ్నే.

తెలుగు వైపు నుంచి చూసినా మన దగ్గర సరుకుంది. చిత్తూరు జిల్లా కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో పల్లె పిల్లలతో ప్రయోగాలు చేయిస్తుంది, వ్యానులో ప్రయోగశాలను బడి గుమ్మానికి పంపుతుంది. జన విజ్ఞాన వేదిక ఏటా చెకుముకి సైన్స్ సంబరాలు జరుపుతుంది, ముగ్గురేసి పిల్లల జట్లు, బడి నుంచి రాష్ట్రం దాకా పోటీ, తెలుగులో. ఆ ప్రశ్నపత్రం సూరత్‌కు రావడానికి అడ్డమేమిటి? తెలుగు మాధ్యమ బడులున్నాయి, తెలుగు ఉపాధ్యాయులున్నారు, ఫైలు పంపడానికి నిమిషం పట్టదు. ఎన్నికల ముందు సూరత్ పద్మశాలీ సంఘాలతో సమావేశాలు పెట్టే నాయకులు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం వలస నేతన్నల గురించి చాలాసార్లు మాట్లాడింది. నేతన్న పిల్లల గురించి మాట్లాడితే అది గుజరాత్ వ్యవహారమంటారు. గుజరాత్‌లో అడిగితే తెలుగు వాళ్ల వ్యవహారమంటారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. చింతకింది మల్లేశం ఏ శిబిరానికి వెళ్లాడు అంటారు. నిజమే. ఆలేరు దగ్గరి శారాజీపేట నేత కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసి, తల్లి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడటం చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రతిభ ఉంటే దారి దానంతట అదే దొరుకుతుందనడానికి ఈ కథను వాడుకోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999లో పూర్తయింది. ఏడేళ్లు! మధ్యలో అప్పులు, ఊరి నవ్వులు, కూలిపని. గేరు నిష్పత్తి గురించి, మోటారు వేగం గురించి చెప్పగల ఒక వర్క్‌షాపు తలుపు తెరిచి ఉంటే అందులో ఎన్నేళ్లు మిగిలేవి? ఆ ఏళ్లు ఆయన తల్లి భుజానివి కూడా. పైగా మల్లేశం మనకు కనబడ్డాడు కాబట్టి తెలిసింది. ఆరో ఏట ఆపేసిన వాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

అడగవలసినవి పెద్దవేమీ కావు. యువిక వంటి ఎంపికల్లో పంచాయతీ బడికిచ్చే వెయిటేజీని, తగ్గించకుండా, వలస కార్మికుల పిల్లలు చదివే పురపాలక బడులకూ వర్తింపజేయాలి. విజ్ఞాన ప్రదర్శనే జరపని బడి పిల్లలకు ఆ మార్కుల భాగాన్ని క్విజ్‌కు మళ్లించాలి. టింకరింగ్ ప్రయోగశాల కోసం స్థలం లేని రెండు మూడు బడులు కలిసి దరఖాస్తు పెట్టుకొనే వీలుండాలి. దరఖాస్తు తెలుగులో, గుజరాతీలో, ఒడియాలో ఉండాలి. మే నెలలో సగం కుటుంబాలు ఊళ్లకు వెళతాయి కాబట్టి నగర శిబిరాన్ని సెలవుల చివరి రెండు వారాల్లో, జూన్‌లో బడి తెరిచే ముందు పెట్టాలి. ఇంకొకటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి: శిబిరానికి వచ్చే పిల్ల ఆ రోజు చీరలకు రాళ్లు అతికించదు, ఆ కూలి పోతుంది. కాబట్టి భోజనంతో పాటు రోజుకు ఎంతో కొంత భృతి ఇవ్వకపోతే హాజరు పట్టిక ఖాళీగానే ఉంటుంది. పైచదువుల్లో వేసవి పరిశోధన చేసే విద్యార్థులకు సైన్స్ అకాడమీలు భృతి ఇస్తున్నాయి. పదమూడేళ్ల పిల్లకు ఇస్తే ఎవరికి అభ్యంతరం?

మా బంధువుల అబ్బాయి బండి ఇప్పటికీ నడుస్తోందో లేదో తెలియదు. లింబాయత్ నుంచి మాత్రం 2025 మార్చిలో ఫోన్ వచ్చింది. అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉంది, బడి మారింది. ఇస్రో వాళ్లు పిల్లలను పిలుస్తున్నారట, నింపిపెట్టమని తండ్రి అడిగారు. ఆయన అటు, నేను ఇటు, మధ్యలో ఫోన్ పట్టుకొని ఆ పిల్ల. పేరు, పుట్టిన తేదీ, ఎనిమిదో తరగతి మార్కులు నింపాం. మార్కులు బాగున్నాయి. గ్రామ పంచాయతీ పరిధిలోని బడేనా అన్నచోట కాదు అని పెట్టాం. గత మూడేళ్లలో పాల్గొన్న విజ్ఞాన ప్రదర్శనలు అన్న గడి వచ్చింది. "అంటే ఏంది సార్?" అని అడిగింది.